పెదనాన్న డిక్టేషన్

పెన్నులు కింద పెట్టమన్నారు, పెట్టాను, మూత కూడా పెట్టాను, వెనకనుంచి పేపర్లు తీసుకుంటూ వచ్చిన సూపర్‌వైజరమ్మ చేతికి నా పేపరు ఇచ్చేశాను, ఇచ్చి వేళ్ళు విరుచుకుంటూ ఉండగా, అప్పుడు, అంతా అయిపోయాక, తీరిగ్గా, నేను రాసిన వాక్యం నాకు వినిపించింది. కనిపించడం కాదు, వినిపించడమే, అదీ పెదనాన్న గొంతులో. "పైన చెప్పిన విషయానికి లోబడి, ఈ లెక్కలు సంస్థ పరిస్థితిని నిజంగా, సవ్యంగా చూపిస్తున్నాయని మా అభిప్రాయం." లోబడి. ఆడిట్ రిపోర్టులో మినహా అని రాయాల్సిన చోట లోబడి అని రాశాను, ఒక చోట రాసి ఊరుకున్నానా, ఆ ప్రశ్నలో ఉన్న కంపెనీలన్నిటికీ అదే రాశాను, పైగా గుండ్రటి దస్తూరీతో, అచ్చం ఆయనకి నచ్చేలా రాశాను. గుండె గుభేలుమంది అంటారు గానీ నాకు అలాంటిదేమీ జరగలేదు. నన్ను ఒంట్లోంచి మెల్లగా బయటికి తీసి, ఖాళీ చొక్కాని కుర్చీకి తగిలించి వెళ్ళినట్టయింది. పక్క వరుసలో ఎర్ర చున్నీ వేసుకున్న అమ్మాయి నీళ్ళసీసా మూత తిప్పుతోంది. నేను నా కుడిచేతిని చూసుకున్నాను.

"ఎవరూ లేవొద్దు," అన్నాడు ముందు బల్ల దగ్గర నుంచి పెద్ద సూపర్‌వైజరు. "ఒక పేపరు తక్కువొస్తోంది. లెక్క తేలేదాకా ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చోండి."

హాలంతా ఉసూరుమంది. ఇది ఆటల హాలు, నేల మీద రంగురంగుల గీతలు, ఒక్కో ఆటకి ఒక్కో రంగు, వాటి మీదే మా బల్లలు వేశారు, నా బల్ల ముందుకాళ్ళలో ఒకటి తెల్లగీత లోపల ఉంది, ఇంకోటి బయట. ఫ్యాన్లు ఎక్కడో పైకప్పు దగ్గర తిరుగుతున్నాయి, ఆ గాలి వాటికే సరిపోతోంది. నాది మొదటి వరుసలో మొదటి బల్ల, కాబట్టి మా వరుస కట్టలో అన్నిటికన్నా పైన నా పేపరే ఉంది, లేచి చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో, నా నంబరు ఇక్కడికి కనిపిస్తోంది, నా రాత లోపలుంది. ఒక్క నిమిషం ఇస్తే చాలు, ఒక గీత, పైన ఒక మాట, మళ్ళీ గీత, మళ్ళీ మాట, కొట్టివేతలకి ఎవరూ మార్కులు తగ్గించరు, అడిగితే ఇస్తారా, ఎందుకిస్తారు, గంట కొట్టాక పెన్ను ముట్టుకుంటే పేపరే రద్దని పై పేజీలో చదివి సంతకం పెట్టింది నేనే కదా. రద్దయితే మాత్రం ఏం, ఎలాగూ పోయిందిగా, లే, వెళ్ళు, అనుకున్నాను, లేవలేదు. అలా లేచి వెళ్ళగలిగే మనిషినే అయితే ఈ వయసులో ఈ పిల్లల మధ్య ఈ బల్ల ముందు కూర్చునేదాన్నే కాదు.

ఒక్క మాటకేనా ఇంత గోల, అంటుంది అమ్మ. ఇంటికెళ్ళి చెబితే మొదట అనే మాట అదే, ఇప్పుడే వినిపిస్తోంది. ఒక్క మాటే అమ్మా. ఆడిటరు ఊరందరి లెక్కలూ చూసి చివరికి చెప్పేది ఒక్క మాటే. అంతా బాగుంటే బాగుందని. ఒక చోట తేడా ఉండి మిగతాదంతా బాగుంటే, ఆ ఒక్కటి మినహా బాగుందని. తేడా ఒక చోట కాకుండా లెక్కలన్నిటికీ పాకిపోయి ఉంటే, ఇవి తప్పుడు లెక్కలని, దాన్నే అడ్వర్స్ అంటారు. అసలు చూడ్డానికి కాగితాలే చేతికివ్వకపోతే, మేమేమీ చెప్పలేమని. ఇంతే ఉన్నాయి. మరి లోబడి ఏమిటంటావు. అది పాతకాలపు మాట. ఫలానాదానికి లోబడి బాగుంది అంటే, ఇంతకీ బాగుందన్నాడా బాగోలేదన్నాడా, చదివినవాడు జుట్టు పీక్కోవాలి, అందుకే దాన్ని ఎప్పుడో తీసిపారేశారు. ప్రతి పరీక్ష తర్వాతా పేపర్లు దిద్దినవాళ్ళు ఒక చిన్న పుస్తకం వేస్తారు, అభ్యర్థులు ఎక్కడెక్కడ తప్పులు చేశారో. ప్రతిసారీ అందులో ఈ మాట ఉంటుంది, కొందరు ఇంకా పాత పదాలే వాడుతున్నారు, వాటికి మార్కులివ్వలేదు అని. ఆ కొందరు ఎవరా అనుకునేదాన్ని. ఏ గుహలోంచి వచ్చి రాస్తున్నారో మహానుభావులు అని నవ్వుకునేదాన్ని. దాని కింద ఎర్రగా గీత కూడా గీసుకున్నాను.

ముందు బల్ల దగ్గర మళ్ళీ లెక్కపెడుతున్నారు, పెద్ద సూపర్‌వైజరు వేలు తడి చేసుకుని ఒక్కో పేపరూ ఎత్తుతున్నాడు, నా పేపరు ఎత్తి పక్కన పెట్టాడు, దాని మీద ఇంకొకటి పడింది, ఇంకొకటి, ఇప్పుడు నాది అడుగున. పెదనాన్న కూడా అలాగే వేలు తడి చేసుకునేవారు, కళ్ళు బాగున్న రోజుల్లో. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే, డిగ్రీ కాగానే తన ఆఫీసులో కుర్చీ చూపించి కూర్చోమన్నది ఆయనే, కాఫీ హోటలు పైన రెండు గదుల ఆఫీసు, కిందనుంచి రోజంతా గిన్నెల చప్పుడు. ఆ తర్వాత ఆయనకి కంటి మధ్యలో చూపు పోయింది. అంచులు కనిపిస్తాయి, మధ్య కనిపించదు. తలుపు కనిపిస్తుంది, తలుపులో నిలబడ్డ మనిషి మొహం కనిపించదు. కాగితం కనిపిస్తుంది, రాత కనిపించదు. అయినా ఒక్క రిపోర్టు ఆగలేదు, నేను లెక్కలు చదివి వినిపిస్తాను, ఆయన అడగాల్సినవన్నీ అడుగుతారు, అబ్బో ఎలా అడుగుతారో, గోడౌన్లో సరుకు దాచినవాడికి చెమటలు పట్టాల్సిందే, చివరికి కళ్ళు మూసుకుని, కుర్చీలో వెనక్కి వాలి, అభిప్రాయం చెబుతారు. నేను టైపు చేస్తాను. సంతకం చేయాల్సిన చోట నా వేలు పెడతాను, ఆయన నా వేలు తడిమి చూసుకుని దాని పక్కన సంతకం చేస్తారు.

కొత్త రూలు వచ్చినప్పుడు చెప్పాను. చెప్పకపోవడమేమిటి, నాలుగైదుసార్లు చెప్పాను. పెదనాన్నా, లోబడి అనకూడదట, మినహా అనాలట. ఆయన ఒప్పుకోలేదు. "మినహా అంటే వాణ్ణి పదిమందిలో నిలబెట్టి వేలెత్తి చూపించడమేనమ్మా," అన్నారు. "లోబడి అంటే మర్యాద. వాడికీ దిద్దుకునే దారి ఉంటుంది." ఆ తర్వాత నేను వాదించడం మానేశాను. ఆయన లోబడి అని చెప్పేవారు, నేను మినహా అని కొట్టేదాన్ని, ఆయన సంతకం చేసేవారు. ఏ రిపోర్టూ వెనక్కి రాలేదు. "చూశావా, మనం రాసింది ఎవడైనా కాదన్నాడా," అనేవారు, అందులో ఎంత సంతోషమో ఆయనకి, ఆ సంతోషం చూసి నేను తలూపేదాన్ని, తలూపడం ఆయనకి కనిపించదని గుర్తొచ్చి, లేదు పెదనాన్నా, అనేదాన్ని. చెవికి ఒకటి, వేళ్ళకి ఒకటి. ఏళ్ళ తరబడి అలా అలవాటైపోయింది, నా వేళ్ళకి ఎంత బాగా వచ్చేసిందంటే ఆయన నోట్లోంచి లో అని రాగానే మి మీద పడేవి.

అదే నా కొంప ముంచింది. వేళ్ళకి వచ్చింది గానీ చేతికి రాలేదు. ఇక్కడ కీబోర్డు లేదు, పెన్ను ఉంది. పెన్ను పట్టుకుని పెదనాన్న డిక్టేషన్ రాసింది ఎప్పుడు, ఆఫీసులో కంప్యూటరు రాకముందు, నేను కొత్తగా చేరిన రోజుల్లో, లోబడి తప్పు కాని రోజుల్లో. గీతల కాగితం మీద పేజీలకు పేజీలు రాసేదాన్ని, లోబడి, లోబడి, లోబడి. నా చెయ్యి ఆ రోజుల్లోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళూ కొత్త రూలు నాకు తెలుసు, నా కళ్ళకి తెలుసు, పది వేళ్ళకీ విడివిడిగా తెలుసు, అవన్నీ కలిసి ఒక పెన్ను పట్టుకుంటే మాత్రం తెలియదు. ఎవరికి చెప్పుకోను. పేపరు దిద్దేవాడికి ఒక చీటీ రాసి జత చేయనా, అయ్యా, ఇది నాకు టైపులో వచ్చు అని. నవ్వొచ్చింది, నిజంగానే బయటికి నవ్వాను, ఎర్ర చున్నీ అమ్మాయి నా వైపు చూసింది, నేను దగ్గుగా మార్చాను.

మొదటి మూడింటికీ మాట ఒక్కటే తప్పు, నాలుగోది అంతకన్నా ఘోరం. నాలుగో కంపెనీవాడు నష్టాల్లో మునిగిన తన పిల్లకంపెనీని లెక్కల్లో కలపకుండా మొత్తం వదిలేశాడు, అంటే లెక్కలన్నీ తలకిందులే, చిన్నపిల్లాడైనా అడ్వర్స్ అని రాస్తాడు. నేను రాయలేదు. ప్రశ్న చదవగానే అడ్వర్స్ అని అనుకున్నది కూడా గుర్తుంది, అనుకుని, పెన్ను కాగితం మీద పెట్టాక, కలపకపోవడానికి లోబడి అని రాశాను. పెదనాన్న తన జన్మలో ఒక్కటంటే ఒక్క అడ్వర్స్ రాయలేదు. అలాంటి లెక్కలొస్తే ఆ మనిషిని పిలిపించేవారు, కింద హోటలు నుంచి కాఫీ తెప్పించేవారు, "నీ లెక్క మొత్తం అబద్ధమని నా చేత రాయిస్తావేమయ్యా, నీకూ నాకూ బాగుంటుందా," అని అడిగేవారు, గంటల తరబడి బతిమాలేవారు, తిట్టేవారు, ఆ మనిషి చివరికి తల వంచుకుని ఫైళ్ళు సంకన పెట్టుకుని వెళ్ళి దిద్దుకొచ్చేవాడు. అలా దిద్దుకొచ్చిన లెక్కలకి ఒక్క లోబడి సరిపోయేది. ప్రశ్నపత్రంలో ఉన్న కంపెనీకి కాఫీ ఎవరిస్తారు పెదనాన్నా, దానికి మొహం లేదు, సిగ్గు లేదు, అది దిద్దుకుని రాదు, దాన్ని తప్పు అనడానికే అక్కడ పెట్టారు. నేను దాన్ని కూడా బతిమాలాను. మార్కులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి, మిగతా ప్రశ్నల్లో ఎంత వెతికినా గట్టెక్కేన్ని లేవు, ఇందాకటినుంచి మనసులో కూడుతూనే ఉన్నాను, ఎటునుంచి కూడినా ఒకటే.

ఇంకోసారి రాసుకుందువులే, అంటుంది అమ్మ. ఇంకోసారి లేదు. ఇన్నిసార్లే రాయనిస్తారని ఒక లెక్క ఉంది, అది ఇవాళ్టితో సరి, మళ్ళీ కావాలంటే మొదటి మెట్టునుంచి రావాలి. నేను వస్తాను పోనీ, పెదనాన్న కళ్ళు ఆగుతాయా. ఈ ఏడాది దాటితే ఆ అంచుల చూపు కూడా చెప్పలేమన్నాడు డాక్టరు, సంతకం చేసే మనిషి లేకపోతే ఆడిట్ ఆఫీసు మూసుకోవాల్సిందే. పెద్ద ఆఫీసువాళ్ళు ఒకాయన్ని పంపుతున్నారు, సెంటు మనిషి అంటాము ఆయన్ని, వెళ్ళిపోయాక కూడా గది అంతా ఆ వాసనే. మీ క్లయింట్లందర్నీ మాకప్పగించండి, మీ ఇద్దరి సంగతీ మేం చూసుకుంటాం, పెద్దాయనకి నెలనెలా ఇంతని ఇస్తాం, అన్నాడు. నా వైపు తిరిగి, "మీకు కూడా రికార్డు రూములో చోటుంటుంది మేడమ్," అన్నాడు. పెదనాన్న చేతికర్ర తీసి గోడకి ఆనించారు, తీసి మళ్ళీ ఆనించారు, కోపం వస్తే అలా చేస్తారు. "మా అమ్మాయి పరీక్ష రాస్తోంది. గట్టెక్కితే సంతకం తనే పెడుతుంది, మీతో మాకు పనే లేదు. లేదంటే మీరు చెప్పినట్టే కానిద్దాం, పరీక్ష అయ్యేదాకా ఆగండి," అన్నారు. సరే ఆగుతాను గానీ ఒకసారి కాదన్నారంటే మళ్ళీ అడగబోమండీ, అని మర్యాదగానే చెప్పి వెళ్ళాడు. మా అమ్మాయి అన్నారు పెదనాన్న. తమ్ముడి కూతురని ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు.

"ఒక్కొక్కరే వచ్చి మీ పేపరు మీదేనని చూసి సంతకం పెట్టి వెళ్ళండి, మొదటి వరుస నుంచి," అన్నాడు పెద్ద సూపర్‌వైజరు. మొదటి వరుసలో మొదటిదాన్ని నేనే. సూపర్‌వైజరమ్మ నా పేపరు వెతికి తీసింది, బల్ల మీద పెట్టింది, పెన్ను నా చేతికిచ్చింది. పేపరు, పెన్ను, నేను. ఆవిడ ఎడమ అరచెయ్యి మాత్రం పేపరు మీద పరిచి ఉంది, గాజులున్న చెయ్యి, మెత్తటి చెయ్యి, వంటింట్లో మా అమ్మది ఉన్నట్టే పసుపుగా ఉన్న గోళ్ళు, ఆ చెయ్యి ఒక్క జానెడు పక్కకి జరిగితే చాలు. అమ్మా, మీ చెయ్యి కొంచెం తీస్తారా, అని మనసులో అడిగాను, ఎంత గట్టిగా అడిగానంటే ఆవిడ తలెత్తి చూసింది.

"మీదేనా?"

"నాదేనండి."

"అయితే ఇక్కడ సంతకం పెట్టండి," అంది. పెట్టాను. నాది కాదని ఎందుకనలేకపోయాను, ఇది మా పెదనాన్న రాశారు అని ఎందుకనలేదు, అదొక్కటే నిజం కదా, అనుకుంటూ వచ్చి కూర్చున్నాను. ఏడుపు రావడం లేదు. వస్తే బాగుండేది, ఏదో ఒకటి ఒంట్లోంచి బయటికి పోయేది.

ఎర్ర చున్నీ అమ్మాయి తన వంతు ముగించుకుని వచ్చి, కూర్చుంటూ నా వైపు వంగింది. "అక్కా, నాలుగోది అడ్వర్సే కదా? నాకు భయంగా ఉంది," అంది గుసగుసగా. అడ్వర్సే, అన్నాను. పిల్లకంపెనీని వదిలేస్తే ఆ తేడా ఒక చోట ఆగదు, అప్పుల్లోకి పాకుతుంది, లాభంలోకి పాకుతుంది, అన్నిటికీ పాకినప్పుడు మినహా అనడానికి మిగిలేది ఏముంటుంది, అందుకని అడ్వర్స్, అని విడమరిచి చెప్పాను, పెదనాన్న ఆఫీసుకి వచ్చే కుర్రవాళ్ళకి చెప్పినట్టే చక్కగా చెప్పాను. "హమ్మయ్య, మిగతా మూడూ మినహాయేగా," అంది. అవునమ్మా, మినహాయే. ఆ పిల్ల గుండె మీద చెయ్యి వేసుకుంది. "మీరు బాగా రాసుంటారక్కా," అంది. ఇంత మంచి పిల్లని ఆ క్షణంలో చెంప మీద కొట్టాలనిపించింది, అనిపించినందుకు సిగ్గేసింది, ఆ సిగ్గు కూడా ఎక్కువసేపు నిలవలేదు, ఏదీ నిలవడం లేదు, వచ్చిందల్లా జారిపోయి ఆ అడుగునే కూర్చుంటోంది, లోబడి.

పేపరు దొరికింది. ఎవరో కంగారులో తన కాగితాలకి దారం కట్టబోయి పక్కవాడి పేపరు కూడా కలిపి కట్టేశాడట, రెండు పేపర్లకీ ఒకటే ముడి. హాలంతా నవ్వింది, పెద్ద సూపర్‌వైజరు కూడా నవ్వాడు, వెళ్ళండి వెళ్ళండి అన్నాడు, కుర్చీలన్నీ ఒక్కసారే జరిగాయి. బయట ఎండ తగ్గింది గానీ మెట్లు ఇంకా వేడిగా ఉన్నాయి, చెప్పులోంచి తెలుస్తోంది. మెట్ల కింద గోడ పక్కన కర్ర పట్టుకుని పెదనాన్న నిలబడి ఉన్నారు. రావద్దని చెప్పాను, ఎన్నిసార్లు చెప్పాను. ఎలా వచ్చారు, ఎవర్ని పట్టుకుని రోడ్డు దాటారు, చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నారు, మొహం మాత్రం పెళ్ళికొచ్చినట్టుంది. ఆయనకి నా మొహం కనిపించదు. ఎన్నో ఏళ్ళుగా అందుకు ఏడ్చాను, ఇవాళ దేవుడా నీకు దణ్ణం అనుకున్నాను, అనుకున్నందుకు నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోను.

"వచ్చావా. ఎలా ఉంది? రిపోర్టు ప్రశ్న వచ్చిందా? చదువు, చదువు," అన్నారు.

అక్కడే నిలబడి ప్రశ్నపత్రం తీసి చదివాను. జనం మమ్మల్ని తప్పుకుంటూ వెళుతున్నారు. ఆయన కళ్ళు మూసుకుని గోడకి వాలి విన్నారు, మధ్యలో ఊఁ అన్నారు, పిల్లకంపెనీ దగ్గర ఆపి మళ్ళీ చదివించుకున్నారు. "గట్టివాడే, కలపలేదన్నమాట," అని, కొంచెంసేపు ఆలోచించి, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ మొదటినుంచి చివరిదాకా చెప్పారు. నాలుగు కంపెనీలకీ చెప్పారు. నా పేపరు చూసి చదువుతున్నట్టే ఉంది, కామా దగ్గర కూడా తేడా లేదు.

"ఇదేగా రాశావు?" అన్నారు.

లేదు పెదనాన్నా, అది తప్పు, అది తప్పయి చాలా కాలమైంది, మీరు సంతకం పెట్టిన ఏ రిపోర్టులోనూ మీ మాట లేదు, అన్నీ నేను మార్చాను, వాళ్ళెవరూ మిమ్మల్ని కాదనకపోవడానికి అదే కారణం, అని చెప్పాలి. ఇది చెప్పకుండా పరీక్ష పోయిందని చెప్పడానికి వీల్లేదు, ఎటునుంచి మొదలుపెట్టినా అక్కడికే వస్తుంది. నోరు తెరిచాను. ఆయన మొహం నా మాట కోసం కొంచెం పక్కకి తిరిగి ఉంది, అంచుల్లోంచి నన్ను చూడాలని.

"ఇదే రాశాను. మీరు చెప్పినట్టే, పొల్లు పోకుండా," అన్నాను.

పెదనాన్న గాల్లో తడుముకుని నా చెయ్యి పట్టుకున్నారు, రాసిన చెయ్యే, దాన్ని రెండు చేతుల మధ్యా పెట్టుకుని ఊపారు. తర్వాత, "ఆ సెంటు మనిషికి ఫోను కలుపు. మేం ఇవ్వడం లేదు, ఇంక రావద్దని చెప్పేస్తాను," అన్నారు.

"ఫలితాలు రానివ్వండి పెదనాన్నా."

"ఎందుకు? నేను చెప్పిందే రాశానంటున్నావుగా. నా మాట మీద నీకు నమ్మకం లేదా?"

ఉంది, అన్నాను. నంబరు నా ఫోనులోనే ఉంది. నొక్కి, అవతల మోగడం విని, ఆయన చేతికిచ్చాను.